ఖండమా, ద్వీపమా: గ్లోబు ముందు పెట్టుకుని తేల్చుకునే పద్ధతి

గ్రీన్‌లాండ్ ప్రపంచంలో అతిపెద్ద ద్వీపం. ఆస్ట్రేలియా అతిచిన్న ఖండం. రెండింటి చుట్టూ నీళ్ళే. మరి ఒకటి ద్వీపం, ఇంకోటి ఖండం ఎందుకయ్యాయి? ఒంగోలు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సోషల్ చెప్తాను. ఏ బ్యాచ్‌లోనైనా ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఒకరైనా ఉంటారు. "విశాలమైన భూభాగాన్ని ఖండం అంటారు" అని నోట్సులో రాయించి ముందుకి పోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని యూరప్ ఎందుకు ఖండమో చెప్పలేం, మన దేశం ఎందుకు కాదో అసలే చెప్పలేం.

అందుకని పిల్లల చేత ఒక వరసలో కొన్ని పరీక్షలు చేయిస్తాను. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న పాత విద్యార్థులు ఫోన్ చేసి ఇదే అడుగుతుంటారు కాబట్టి ఆ వరసంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేయడానికీ పనికొస్తుంది.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇదంతా చేశాక మీ చేతిలో ఒక జాబితా కాదు, రెండు జాబితాలు మిగులుతాయి. రాళ్ళు చెప్పే జాబితా ఒకటి, మనుషులు అలవాటు పడ్డ జాబితా ఒకటి. రెండింటినీ బలవంతంగా కలపాలని చూడకండి. గైడ్లలో గందరగోళమంతా అక్కడి నుంచే పుడుతుంది.

కావలసినవి

ఒక గ్లోబు. కాస్త బటర్ పేపరు. సముద్రపు లోతుల్ని ముదురు నీలం, లేత నీలంగా చూపించే అట్లాస్. అది లేకపోతే ఫోన్‌లో గూగుల్ ఎర్త్. ఒకే కొలతలో కోసిన రెండు రాతి పలకలు. వీటిని కొనక్కర్లేదు, గ్రానైట్ షాపు వెనక విరిగిన ముక్కలు గుట్టలుగా పడుంటాయి. స్కూలు పిల్లల కోసం అంటే అడుగు చదరంగా కోసి ఇస్తారు కూడా. ఒకటి బూడిదరంగుదో గులాబీరంగుదో తీసుకోండి, ఇంకోటి చీమకుర్తిలో దొరికే నల్లటి గెలాక్సీ రాయి. తూచడానికి కాటా. మేం మధ్యాహ్న భోజనం బియ్యం తూచేదే వాడతాం.

మొదట సైజు, గోడ మ్యాపులో మాత్రం కాదు

తరగతి గోడకి వేలాడే ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. చాలా పటాలకి ఆధారమైన ఆ పద్ధతిని 1569లో గెరార్డస్ మెర్కేటర్ నావికుల కోసం తయారుచేశాడు. ఓడ నడిపేవాడికి దిక్కు తప్పకుండా ఉంటే చాలు, వైశాల్యంతో పనిలేదు. అందుకే ధ్రువాల వైపు పోయేకొద్దీ నేల సాగిపోయి కనిపిస్తుంది.

గ్లోబు మీద బటర్ పేపరు పెట్టి గ్రీన్‌లాండ్ అంచు గీయండి. కాగితం ముడతలు పడుతుంది, పర్వాలేదు. దాన్ని కత్తిరించి ఆఫ్రికా మీద పెట్టి చూడండి. పద్నాలుగు గ్రీన్‌లాండ్‌లు పేర్చితేగానీ ఆఫ్రికా నిండదు. ఆస్ట్రేలియాకి మూడున్నర కావాలి. అంకెలు కావాలంటే: గ్రీన్‌లాండ్ 21.66 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆస్ట్రేలియా దాదాపు 77 లక్షలు, యూరప్ కోటి పైచిలుకు, అంటార్కిటికా 1.4 కోట్లు, ఆఫ్రికా 3 కోట్ల పైన, ఆసియా 4.4 కోట్ల పైన.

ఎంతుంటే ఖండం అని వెంటనే అడుగుతారు. ఇంత అని అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు. చాలాకాలం దాని అవసరమూ రాలేదు. 77 లక్షల ఆస్ట్రేలియా తర్వాత నీళ్ళు చుట్టుముట్టిన పెద్ద నేల ఏదంటే ఏకంగా 22 లక్షల గ్రీన్‌లాండే. మధ్యలో తగాదా పెట్టేది ఏదీ లేకపోయింది కాబట్టి గీత ఆ సందులో ఎక్కడో ఉందనుకుని అందరూ ఊరుకున్నారు. సైజు ఒక్కటే చాలదని పిల్లలకి ఇక్కడే అర్థమవుతుంది.

తర్వాత సముద్రం లోతు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇది. ఖండం ఒడ్డు దగ్గర ఆగదు, నీళ్ళ కిందకి నడుచుకుంటూ పోతుంది.

కొత్తపట్నం వైపు నుంచి వచ్చే పిల్లల్లో కొందరి నాన్నలు వేటకి వెళ్తారు. ఆ పిల్లల్ని ఇంటి దగ్గర ఒక ప్రశ్న అడిగి రమ్మంటాను: వల వేసే చోట ఎన్ని బారల లోతుంటుంది, ఎంత దూరం పోతే లోతు అందదు? బార అంటే రెండు చేతులు చాపినంత, సుమారు ఆరడుగులు. వచ్చే జవాబులన్నీ ఒకే తీరుగా ఉంటాయి. చాలా దూరం దాకా లోతు మెల్లగా పెరుగుతుంది, ఆ తర్వాత ఒక చోట నుంచి ఒక్కసారిగా దిగిపోతుంది. మెల్లగా పెరిగే భాగాన్ని మన పుస్తకంలో ఖండతీరపు అంచు అంటారు, ఒక్కసారిగా దిగేదాన్ని ఖండతీరపు వాలు. ఆ మలుపు మామూలుగా 130 మీటర్లకీ 200 మీటర్లకీ మధ్య వస్తుంది, బారల్లో నూరు అటూ ఇటూ. వాలు దిగాక అడుగు మూడు నాలుగు కిలోమీటర్ల లోతున ఉంటుంది. ఖండం ముగిసేది ఆ వాలు మీద.

ఇప్పుడు అట్లాస్‌లో ఒడ్డుని వదిలేసి, లేత నీలం ఆగే చోట పెన్సిల్‌తో గీయమనండి. పటం మారిపోతుంది. ముంబై హై చమురు బావులు ఒడ్డుకి 160 కిలోమీటర్ల దూరంలో ఉన్నా అక్కడ నీటి లోతు 75 మీటర్లే. అదంతా మన నేలే, మీద నీళ్ళున్నాయి అంతే. మన తూర్పు తీరంలో ఈ అంచు చాలా సన్నం. శ్రీలంక మనతో ఒకే లేత నీలం మీద ఉంటుంది. బ్రిటన్ యూరప్‌తో, న్యూగినీ ఆస్ట్రేలియాతో అంతే. సుమారు 20 వేల ఏళ్ళ క్రితం మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందకి ఉండేది. అప్పుడు బ్రిటన్ నుంచి ఫ్రాన్స్‌కి నడిచి వెళ్ళొచ్చు. సైబీరియా నుంచి అలాస్కాకీ నడిచే దారి ఉండేది. నీళ్ళు రావడం పోవడం వల్ల ఖండాల సంఖ్య మారిపోకూడదు కదా, అందుకే ఒడ్డుని లెక్కలోకి తీసుకోం.

గ్రీన్‌లాండ్‌కి ఇక్కడే తీర్పు వస్తుంది. అది ఉత్తర అమెరికా పలక (భూమి పైపెంకులో కదిలే పెద్ద ముక్క, ఇంగ్లిష్‌లో ప్లేట్) మీద ఉంది. కెనడాకి చెందిన ఎల్స్‌మియర్ దీవికీ దానికీ మధ్య ఉన్న నేర్స్ జలసంధి ఇరుకైన చోట ముప్పై కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండదు. రాళ్ళు కూడా కెనడా వైపు రాళ్ళ చుట్టాలే. పైకి ద్వీపంలా కనిపిస్తున్నా, నిజానికి ఉత్తర అమెరికా ఖండంలో ఒక ముక్క. ఆస్ట్రేలియా అలా ఎవరి ముక్కా కాదు.

ఆర్కిటిక్, అంటార్కిటికా తేడా కూడా ఈ పరీక్షలోనే తేలిపోతుంది. ఉత్తర ధ్రువం దగ్గర ఉన్నది సముద్రం మీద తేలే మంచు, కింద నాలుగు కిలోమీటర్ల నీళ్ళు. దక్షిణాన సగటున రెండు కిలోమీటర్ల మందం మంచు కింద రాతినేల ఉంది. మన దేశపు మైత్రి స్టేషన్ కట్టిన షిర్మాకర్ ఒయాసిస్‌లో ఆ రాయి బయటికే కనిపిస్తుంది.

రాయిని తూచండి

కోయించిన రాతి పలకలు రెండూ కాటా మీద పెట్టండి. పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, అడుగు చదరం ఉన్న మామూలు గ్రానైట్ పలక నాలుగున్నర కిలోల దగ్గర తూగుతుంది. అదే కొలత గెలాక్సీ ఐదు కిలోల దాకా వస్తుంది. చీమకుర్తి గెలాక్సీని షాపులో గ్రానైట్ అనే అమ్ముతారుగానీ అది గ్రానైట్ కాదు, గాబ్రో అనే నల్లరాయి. నాన్న క్వారీలో పనిచేసే పిల్లలు కూడా ఈ మాటకి ఆశ్చర్యపోతారు.

చీమకుర్తి రాయి సముద్రం అడుగు నుంచి వచ్చిందని మాత్రం అనుకోవద్దు. మన నేల లోపలే కరిగిన రాయి పైకి చొచ్చుకొచ్చి చల్లారి గట్టిపడింది. కానీ జాతి అదే. మహాసముద్రాల అడుగున పైన బసాల్ట్, దాని కింద గాబ్రో ఉంటాయి. ఘనసెంటీమీటరుకి సుమారు 3 గ్రాములు. ఖండాల రాయి గ్రానైట్ లాంటిది, తేలిక, 2.7 గ్రాములు. సముద్రం కింది రాతి పొర ఏడు కిలోమీటర్ల మందం ఉంటే ఖండం కింద ముప్పై అయిదు, నలభై ఉంటుంది. టిబెట్ కింద డెబ్బై దాకా పోతుంది. చెరువులో లావు దుంగ సన్న చెక్క కంటే ఎత్తుగా తేలినట్టే, మందమైన తేలిక రాయి కిందనున్న బరువైన పొర మీద ఎత్తుగా నిలబడుతుంది. భూమి మీద పొడినేల ఉండటానికి కారణం ఇదే. పల్లం నీళ్ళతో నిండింది, ఎత్తు బయట మిగిలింది.

వయసులో తేడా ఇంకా ఎక్కువ. మహాసముద్రాల అడుగు రాయి దాదాపు అంతా 20 కోట్ల ఏళ్ళ లోపుదే, ఎందుకంటే బరువు వల్ల అది మళ్ళీ లోపలికి మునిగిపోతుంది. ఖండం మునగదు. కెనడాలో అకాస్టా నైస్ అనే రాయి వయసు 400 కోట్ల ఏళ్ళు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు 440 కోట్ల ఏళ్ళవి. ఏదైనా ప్రదేశం ఖండమా కాదా అని సందేహం వస్తే నేను చూసేది దాని కింద రాయి బరువు, మందం, వయసు. మిగతావి తర్వాత.

పలకల్ని లెక్కపెట్టకండి

పెద్ద పలకలు ఏడు, ఖండాలు ఏడు అని చదివి రెండూ ఒకటేననుకుంటారు చాలామంది. పోటీ పరీక్షల గైడ్లలో కూడా ఇలాగే కలిపేసి రాయడం చూశాను. యూరప్, ఆసియా రెండూ చాలావరకు ఒకే యురేషియా పలక మీదున్నాయి. ఆసియాలోనే ఉన్న అరేబియా, భారత్ వేరే పలకల మీదున్నాయి. సైబీరియా తూర్పు కొస ఉత్తర అమెరికా పలక మీదుంది. ఏడు పెద్ద పలకల్లో ఒకటైన పసిఫిక్ మీద ఆ ఏడు ఖండాల్లో ఏదీ లేదు, కాలిఫోర్నియా తీరం లాంటి చిన్న ముక్కలు తప్ప. పలక అనేది ఏది ఎటు కదులుతుందో చెప్పడానికి. ఖండాన్ని దాంతో కొలవలేం.

పద్ధతి పనిచేస్తుందా? జీలాండియాతో సరిచూడండి

న్యూజిలాండ్ రెండు పెద్ద దీవులు, 2.68 లక్షల చదరపు కిలోమీటర్లు. సైజు పరీక్షలో మొదటి నిమిషంలోనే ఓడిపోతుంది. కానీ గూగుల్ ఎర్త్‌లో దాని చుట్టూ చూడండి. ఉత్తరాన న్యూ కాలెడోనియా దాకా, దక్షిణాన కాంప్‌బెల్ దీవి అవతల దాకా సముద్రం అడుగున లేత నీలం పీఠభూమి ఒకటి కనిపిస్తుంది. చుట్టూ ఉన్న అగాధం కంటే అది కిలోమీటర్ల కొద్దీ ఎత్తు. బ్రూస్ లూయెన్‌డైక్ అనే శాస్త్రవేత్త 1995లో దానికి జీలాండియా అని పేరు పెట్టాడు. 2017లో నిక్ మార్టిమర్, మరికొందరు శాస్త్రవేత్తలు ఇది మునిగిపోయిన ముక్క కాదు, ఖండమే అని వాదిస్తూ పరిశోధనా పత్రం ప్రచురించారు. వైశాల్యం 49 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో 94 శాతం నీళ్ళ కింద.

వాళ్ళు పెట్టుకున్న కొలతలు నాలుగు: చుట్టూ ఉన్న సముద్రపు అడుగు కంటే ఎత్తుగా ఉండాలి, గ్రానైట్, రూపాంతర, అవక్షేప శిలల్లాంటి రకరకాల రాళ్ళుండాలి, పొర సముద్రపు పొర కంటే మందంగా ఉండాలి, చిన్న తునక అనిపించుకోనంత పెద్దదై, సరిహద్దు స్పష్టంగా ఉండాలి. ఆ చివరిదానికి వాళ్ళు 10 లక్షల చదరపు కిలోమీటర్లు దాటాలని ఒక అంకె కూడా ప్రతిపాదించారు. నీళ్ళ పైన ఉండాలన్న షరతు ఈ నాలుగింటిలో ఎక్కడా లేదని గమనించండి.

జీలాండియా ఎందుకు మునిగింది? ఒకప్పుడు అది దక్షిణ ఖండాలు, మన దేశం కలిసి ఉన్న గోండ్వానా అనే మహాఖండంలో భాగం. మన ఆదిలాబాద్ వైపు కూడా ఉండే గోండుల పేరు మీదుగా వచ్చిన గోండ్వానా. అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి విడిపోయేటప్పుడు, సుమారు 10 కోట్ల నుంచి 8 కోట్ల ఏళ్ళ క్రితం, దాని పొర సాగి పలచబడింది. మందం తగ్గింది, ఎత్తు తగ్గింది, నీళ్ళు ఎక్కాయి. పిల్లలకి దుంగ, చెక్క లెక్క ముందే చెప్పి ఉంటే ఇక్కడ మీరు నోరు తెరవక్కర్లేదు, వాళ్ళే చెప్పేస్తారు.

రాళ్ళ జాబితాలో దీన్ని చేర్చాలంటే నాకు అభ్యంతరం లేదు. చేర్చి, యూరప్‌ని ఆసియాలో కలిపితే ఆ జాబితా కూడా ఏడు దగ్గరే ఆగుతుంది, ఆ ఏడు మన పుస్తకంలోని ఏడు కాదుగానీ.

ఇక మనుషుల జాబితా: యూరప్ సంగతి

యూరప్ మీద పై పరీక్షలన్నీ పెట్టండి. సైజు ఉంది. ఆసియాతో మధ్యలో లోతైన సముద్రం లేదు. రాయిలో తేడా లేదు, పొర మందంలో తేడా లేదు. ఉరల్ పర్వతాలు ఉన్నాయి కదా అంటారు. రెండు వేల కిలోమీటర్లకి పైగా ఉన్న ఆ వరస ముప్పై కోట్ల ఏళ్ళ నాటి అతుకు, ఎప్పుడో కలిసిపోయింది. పర్వతం ఉంటే ఖండం విడిపోతుందంటే ఆండీస్ దక్షిణ అమెరికాని రెండు ముక్కలు చేయాలి.

యూరప్ ఖండం కావడానికి కారణం గ్రీకులు. ఏజియన్ సముద్రంలో పడవలు నడిపేవాళ్ళకి ఒక ఒడ్డు యూరప్, ఎదురు ఒడ్డు ఆసియా. దక్షిణాన లిబియా, అంటే వాళ్ళ లెక్కలో ఆఫ్రికా. పాపం గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే అడిగాడు, భూమి ఒక్కటే అయినప్పుడు మూడు పేర్లెందుకు, అవి కూడా ఆడవాళ్ళ పేర్లెందుకు అని. ఎవరూ పట్టించుకోలేదు.

సముద్రం ఉన్నంత మేరా పంచుకోవడం తేలికే. బోస్ఫరస్, డార్డనెల్స్ జలసంధులు గీతలా ఉన్నాయి. నల్లసముద్రం దాటి ఉత్తరానికి పోతే గీత ఎక్కడ? పాతకాలం వాళ్ళు డాన్ నది అన్నారు. అది వంకర తిరిగి ఎక్కడికో పోతుంది, పైగా మాస్కోకి తూర్పున ఉన్న రష్యా అంతా ఏం కావాలి? స్వీడన్ సైన్యంలో అధికారిగా ఉండి రష్యాకి ఖైదీగా చిక్కిన స్ట్రాలెన్‌బర్గ్ 1730లో ఉరల్ పర్వతాల గీత ప్రతిపాదించాడు. రష్యాలో చరిత్రకారుడు తాతిష్చెవ్ కూడా అదే వాదం చేశాడు. మనం పిల్లలకి ప్రకృతి సిద్ధమైన సరిహద్దు అని చెప్పే గీత వయసు మూడు వందల ఏళ్ళు నిండలేదు.

నల్లసముద్రానికీ కాస్పియన్‌కీ మధ్య గీత ఇంకా తేలలేదు. కాకసస్ పర్వతాల శిఖరరేఖ మీదుగా అనేవాళ్ళున్నారు, దానికి ఉత్తరాన కూమా-మానిచ్ పల్లం మీదుగా అనేవాళ్ళూ ఉన్నారు. దీనివల్ల మనకి ఏం పోయింది అనుకోకండి, ఒక బిట్టు పోతుంది. మొదటి గీత ప్రకారం 5,642 మీటర్ల ఎల్బ్రస్ యూరప్‌లో అతి ఎత్తయిన శిఖరం. రెండో గీత ప్రకారం ఎల్బ్రస్ ఆసియాకి పోయి, ఆల్ప్స్‌లోని మోంట్ బ్లాంక్ యూరప్‌కి మొదటిదవుతుంది. అది 4,800 మీటర్లకి కాస్త పైన.

ఏడు ఖండాల ఏడు శిఖరాలు ఎక్కేవాళ్ళకి ఇది వాదన కాదు, సొమ్ము, శ్రమ. డిక్ బాస్ 1985లో ఈ ఏడూ మొదట పూర్తి చేసినప్పుడు ఆస్ట్రేలియా తరఫున 2,228 మీటర్ల కోసియుస్కో ఎక్కాడు, అది దాదాపు నడక దారే. మరుసటి ఏడాది పాట్ మోరో న్యూగినీలోని కార్స్టెంజ్ పిరమిడ్‌తో తన జాబితా పూర్తి చేశాడు. 4,884 మీటర్లు, నిలువు రాతిగోడ. న్యూగినీ, ఆస్ట్రేలియా ఒకే ఖండతీరపు అంచు మీద ఉన్నాయని మీరు ఇందాక పెన్సిల్‌తో గీసి చూశారుగా, కార్స్టెంజ్ వాదానికి బలం అదే. దేశం లెక్కన అది ఇండోనేషియాలో ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కి, 2022 జూన్‌లో డెనాలీతో ఏడూ ముగించింది. ఆమె ఎక్కినవాటిలో ఎల్బ్రస్, కార్స్టెంజ్ రెండూ ఉన్నాయి. ఎక్కేవాళ్ళు ఎత్తయినవాటినే ఎంచుకున్నారని మా పిల్లలకి గొప్పగా చెప్తాను.

మరి మనది ఎందుకు కాదు?

యూరప్ పాఠం అయ్యాక ఒక అమ్మాయి లేచింది. "మేడం, వాళ్ళకి పర్వతాలు సాకు. మనకి హిమాలయాలున్నాయి. సొంత పలక ఉంది. మరి మనల్ని ఉపఖండం అని ఎందుకన్నారు?"

"నువ్వు అడిగింది న్యాయమే తల్లీ, గీతలు గీసిన రోజున మనవాళ్ళెవరూ అక్కడ లేరు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత అసలు జవాబు బోర్డు మీద రాశాం.

భారత ఉపఖండం సుమారు 44 లక్షల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్‌కి రెట్టింపు. రాయి పక్కా ఖండపు రాయి. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం దాకా మన తూర్పు తీరం అంటార్కిటికాకి అతుక్కుని ఉండేది; తూర్పు కనుమల రాళ్ళకీ తూర్పు అంటార్కిటికా తీరపు రాళ్ళకీ పోలిక ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడి నుంచి విడిపోయి, తర్వాత మడగాస్కర్‌ని, ఆపైన సీషెల్స్‌ని వదిలేసి ఉత్తరానికి వచ్చి, 5 కోట్ల ఏళ్ళ క్రితం ఆసియాని ఢీకొంది. మధ్యలో ఉన్న కోట్ల ఏళ్ళూ మనది చుట్టూ మహాసముద్రం ఉన్న ఖండం. నేను పొగడడం కాదు, జీలాండియా పత్రం రాసినవాళ్ళే తమ కొలత ప్రకారం ఢీకొనక ముందు భారత్‌ని ఖండం అనాలని ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆసియాతో కలిసిపోయింది కాబట్టి కాదు. యూరప్ కూడా కలిసే ఉంది కదా అంటే, కలిసే ఉంది. అందుకే దాన్ని రాళ్ళ జాబితాలో పెట్టం, మనుషుల జాబితాలో పెడతాం.

ఎవరు అడుగుతున్నారో చూసి జవాబివ్వండి

ఖండాలు ఎన్ని అన్న ప్రశ్నకి భారత్‌లో, ఇంగ్లిష్ మాట్లాడే చాలా దేశాల్లో ఏడు. రష్యాలో యూరప్, ఆసియా కలిపి యురేషియా ఒకటే అని చెప్పి ఆరు చదివిస్తారు. లాటిన్ అమెరికాలో అమెరికా మొత్తం ఒకటే ఖండం. ఒలింపిక్ వలయాలు అయిదే, ఎవరూ శాశ్వతంగా నివసించని అంటార్కిటికా అందులో లేదు. అమెరికాలో పెరుగుతున్న మనవాళ్ళ పిల్లలకీ ఇక్కడి పిల్లలకీ ఈ ప్రశ్నలో తేడా రాదు. మెక్సికో నుంచి వచ్చిన వాళ్ళ క్లాస్‌మేట్‌కి మాత్రం రావొచ్చు.

ఫుట్‌బాల్ వాళ్ళ లెక్క ఇంకో రకం. ఆస్ట్రేలియా 2006లో ఆసియా సమాఖ్యలో చేరింది. కజకిస్తాన్, ఇజ్రాయెల్ యూరప్ సమాఖ్యలో ఆడతాయి. అది పోటీల సౌకర్యం, భూగోళం కాదు. అది నమ్ముకుని పరీక్షలో రాస్తే పోతారు.

సూయజ్, పనామా కాలువల్ని కూడా జాగ్రత్తగా చూడండి. కాలువ తవ్వడం వల్ల ఖండాలు విడిపోలేదు. 1869 కంటే ముందు కూడా ఆఫ్రికా ఆఫ్రికానే, 1914 కంటే ముందు కూడా రెండు అమెరికాలు రెండే. సన్నటి నేల వంతెన ఉన్నా ఇటూ అటూ పెద్ద భూభాగాలున్నప్పుడు వేరుగా లెక్కపెట్టడం పాత అలవాటు, కాలువ దానికి వీలైన గీత ఇచ్చింది, అంతే.

చివరగా పిల్లలకి నేనిచ్చే హోమ్‌వర్క్. ఐస్‌లాండ్, మడగాస్కర్, సీషెల్స్, మూడింటినీ ఇదే వరసలో పెట్టి రాసుకురమ్మంటాను. మీరూ చేసి చూడండి, జవాబులు ఇవీ. ఐస్‌లాండ్ అంతా అట్లాంటిక్ మధ్య చీలిక మీద పొంగిన బసాల్ట్, దాని అతి పాత రాయికి రెండు కోట్ల ఏళ్ళు కూడా లేవు. అది ఏ ఖండమూ కాదు, అలవాటు కొద్దీ యూరప్‌లో కలిపారు. మడగాస్కర్ రాయి ఖండపు రాయే, కానీ 5.87 లక్షల చదరపు కిలోమీటర్లే, తునక. సీషెల్స్ సముద్రం మధ్యలో చిన్న దీవులు, వాటిలో మాహే లాంటివి గ్రానైట్. మనం ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం దారిలో వదిలేసిన ముక్క.

ఈ పాఠం అయ్యాక యూనిట్ టెస్టులో ఖండాలు ఎన్ని అంటే కొందరు ఎనిమిది అని రాసి పక్కన జీలాండియా పేరు, కారణం రాస్తారు. నేను మార్కు వేస్తాను. పబ్లిక్ పరీక్షలో ఆ పేపరు దిద్దేది నేను కాదు కాబట్టి అక్కడ ఏడు అనే రాయమంటాను.